ఎం3 ఇంజన్ మీద మనసుపడ్డ అబ్బాయి: ఈసెట్ రాయాలా, గ్యారేజీలో చేరాలా?

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో క్రాంక్ గ్రైండింగ్ షాపు నడుపుతున్నాను. మా అబ్బాయి మెకానికల్ డిప్లొమా చివరి సంవత్సరంలో ఉన్నాడు. బీఎండబ్ల్యూ ఎం3 ఇంజన్లలో కనెక్టింగ్ రాడ్ బేరింగులు మార్చి రేసుకు సిద్ధం చేసే వీడియోలు పొద్దస్తమానం చూస్తుంటాడు. బీటెక్‌లో చేరడానికి ఈసెట్ రాయనంటున్నాడు. బెంగళూరులో స్పోర్ట్స్ కార్ల గ్యారేజీలో చేరతానని పట్టుబట్టాడు. ముప్ఫై ఏళ్లుగా నేను చేస్తున్న నూనె మరకల పనే వాడూ చేయాలా అన్నది నా బాధ. పైగా ఎలక్ట్రిక్ కార్లు వచ్చేస్తున్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానండీ. మీ అబ్బాయి కోరికను తీసిపారేయలేను. కానీ తాను కోరుకుంటున్న పని ఎంత లోతైనదో అతనికి ఇంకా తెలిసినట్టు లేదు. ముందు ఆ పని గురించి మాట్లాడుకుందాం. ఈసెట్ సంగతి తర్వాత చూద్దాం.

అతను చూస్తున్నది బహుశా ఎస్65 ఇంజన్. 2007 నుంచి 2013 దాకా ఎం3 కార్లలో వచ్చిన నాలుగు లీటర్ల వీ8 అది. నిమిషానికి 8,400 చుట్లు తిరుగుతుంది. పిస్టన్‌ను క్రాంక్‌తో కలిపే కనెక్టింగ్ రాడ్ (కన్‌రాడ్) కూర్చునే క్రాంక్ పిన్ వ్యాసం 52 మిల్లీమీటర్లు. లెక్క కట్టి చూడండి, ఆ చుట్ల వద్ద పిన్ ఉపరితలం తన చుట్టూ రెండు సగాలుగా ఉండే లోహపు రేకు, అంటే బేరింగ్ షెల్ మీద గంటకు సుమారు 82 కిలోమీటర్ల వేగంతో జారుతుంది. మన జాతీయ రహదారి మీద కారు పోయే వేగం అది. అంత వేగంలోనూ ఇనుముకూ షెల్‌కూ మధ్య అడ్డుగా ఉండేది పల్చటి నూనె పొర ఒక్కటే.

ఆ పొరకు ఎంత చోటివ్వాలన్నదే ఈ విద్యలో అసలు ప్రశ్న. పిన్ వ్యాసంలో అంగుళానికి వెయ్యోవంతు అంగుళం చొప్పున క్లియరెన్స్, అంటే పిన్‌కూ షెల్‌కూ మధ్య ఖాళీ, ఇవ్వాలన్నది ఇంజన్ కట్టేవాళ్లు తరాలుగా వాడుతున్న లెక్క. 52 మిల్లీమీటర్ల పిన్‌కు అది 0.05 మిల్లీమీటర్ల దగ్గర తేలుతుంది. మన తల వెంట్రుక సాధారణంగా అంతకంటే మందంగానే ఉంటుంది. ఎస్65లో ఫ్యాక్టరీ ఇచ్చిన క్లియరెన్స్ తక్కువనీ, దానికి 10డబ్ల్యూ-60 లాంటి చిక్కటి నూనె తోడవడంతో షెల్స్ త్వరగా అరిగాయనీ చాలామంది బిల్డర్ల వాదన. అందుకే ఆ కార్ల యజమానుల్లో ఎందరో ఇంజన్ పట్టేయకముందే బేరింగులు మార్పించుకుంటారు. కాస్త ఎక్కువ క్లియరెన్స్ ఇచ్చే షెల్స్ తయారుచేసి అమ్మే వాళ్లూ ఉన్నారు.

వీడియోల్లో ఇంతవరకు బాగానే కనిపిస్తుంది. మంచి షెల్ కొని వేస్తే ఇంజన్ బాగుపడుతుందనిపిస్తుంది. అది పొరపాటు. గట్టి షెల్ బరువును బాగా మోస్తుంది, కానీ నూనెలో వచ్చిన ధూళి రేణువును తనలో దిగనివ్వదు, ఆ రేణువు పిన్‌ను గీస్తూ పోతుంది. మెత్తటి పూత ఉన్న షెల్ రేణువును మింగేస్తుంది, కానీ మోత ఎక్కువైతే అలసి పెచ్చులూడుతుంది. పాత షెల్స్‌లో ఆ మెత్తదనం చాలావరకు సీసం వల్ల వచ్చేది. యూరప్‌లో 2000లో వాహన వ్యర్థాల మీద చట్టం వచ్చాక సీసం లేని షెల్స్‌కు మారాల్సి వచ్చింది. మళ్లీ క్లియరెన్స్ సంగతి. అది పెంచితే నూనె ధారాళంగా పారి బేరింగ్‌ను చల్లబరుస్తుంది, కానీ నూనె ఒత్తిడి పడిపోతుంది, పంపు మీద భారం పెరుగుతుంది. ఒకటి మారిస్తే ఇంకొకటి కదులుతుంది. కాబట్టి ఏ షెల్ వేయాలో చెప్పాలంటే, పాతది ఎందుకు పాడైందో ముందు చెప్పగలగాలి.

ఇక్కడే మీ షాపు గురించి చెప్పాలి. మీ దగ్గరికి వచ్చే డీజిల్ ఇంజన్ల కన్‌రాడ్ షెల్స్‌లో ఏది ఎక్కువ అరుగుతుందో మీకు తెలుసు, రాడ్ వైపున్న పై షెల్. సిలిండర్‌లో ఇంధనం మండినప్పుడు పడే దెబ్బంతా దాని మీదే పడుతుంది. రేసు ఇంజన్‌లో చుట్లు పెరిగేకొద్దీ లెక్క మారుతుంది. పైకి దూసుకుపోతున్న పిస్టన్‌ను పట్టి వెనక్కి లాగాల్సింది రాడ్ అడుగున బోల్టులతో బిగించే క్యాప్ వైపు షెల్. ఆ లాగుడు బలం చుట్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 7,000 చుట్ల నుంచి 8,400కు వెళితే వేగం 20 శాతమే పెరుగుతుంది, బలం మాత్రం 44 శాతం పెరుగుతుంది. మీ షాపు మూలన తుక్కులో పడి ఉన్న పాత షెల్స్‌ను మీ అబ్బాయి ఎప్పుడైనా చేతిలోకి తీసుకుని ఈ కంటితో చూశాడా? పిన్ తిరిగే దిశలో గీతలుంటే ధూళి. ఒక అంచునే మెరుపు ఉంటే రాడ్ వంగిందో, పిన్ సమంగా గ్రైండ్ కాలేదో అనుకోవాలి. పూత పోయి రాగి రంగు తేలితే నూనె పొర తెగింది. ఇంజన్ కథంతా షెల్ మీదే రాసి ఉంటుంది. బెంగళూరు గ్యారేజీకి ఇలాంటి షెల్స్ ఎప్పుడో ఒకసారి వస్తాయి. మీ దగ్గర ప్రతి వారం గుట్టలు పోగవుతాయి.

నాకు తెలిసిన ఒక కుర్రాడు ఇలాగే ఒక గ్యారేజీలో చేరాడు. ఖరీదైన షెల్స్ తెప్పించి ఒక ఇంజన్‌కు వేశారు. ఎవరూ కొలవలేదు, పెట్టె మీద రాసిన సైజును నమ్మారు. కొన్ని వందల కిలోమీటర్లకే ఇంజన్‌లో కొట్టుడు శబ్దం మొదలైంది. యజమాని ముందు ఆ కుర్రాడినే నిలబెట్టారు. వాడు నా దగ్గరికి వచ్చి చెప్పిన మాట ఇప్పటికీ గుర్తుంది: "సార్, నాకు బిగించడం నేర్పారు, కొలవడం నేర్పలేదు."

కాబట్టి నా మొదటి సలహా మీకే. డిప్లొమా పూర్తయ్యేలోగా ఆరు నెలలు అతన్ని మీ షాపులో కూర్చోబెట్టండి, గ్రైండర్ దగ్గర కాదు, కొలత బల్ల దగ్గర. మంచి మైక్రోమీటరు, బోర్ గేజ్, టార్క్ రెంచ్ కొనివ్వండి. పిన్‌ను రెండు చివర్లా, అడ్డంగా నిలువుగా కొలవాలి. షెల్స్ వేసి, క్యాప్ బోల్టులు కంపెనీ చెప్పినంత బిగించి, లోపలి వ్యాసం కొలవాలి. అది కూడా నిలువునా కొలవాలి, ఎందుకంటే షెల్ అతుకుల దగ్గర కావాలనే కాస్త పలచగా చేస్తారు, అక్కడ కొలిస్తే క్లియరెన్స్ ఎక్కువగా కనిపించి మోసపోతాం. ఇంకొక మాట. విజయవాడ మే నెల ఎండ మీకు చెప్పనక్కర్లేదు. రాడ్ వాకిట్లో ఎండలో, క్రాంక్ లోపల నీడలో ఉండి రెండింటికీ పది డిగ్రీల తేడా ఉందనుకోండి, 52 మిల్లీమీటర్లకు దాదాపు ఆరు మైక్రాన్ల (0.006 మిల్లీమీటర్ల) తేడా వస్తుంది. మొత్తం క్లియరెన్స్‌లో పదో వంతు కంటే ఎక్కువ అక్కడే పోయింది. రెండింటినీ రాత్రంతా ఒకే గదిలో ఉంచి తెల్లవారుజామున కొలవమనండి. ప్రతి కొలతా తేదీతో సహా పుస్తకంలో రాయమనండి.

మీరూ అతనికి ఒకటి చెప్పాలి. మనం పిన్ అరిగితే గ్రైండ్ చేసి, సన్నబడిన పిన్‌కు సరిపోయే మందమైన అండర్‌సైజు షెల్ వేస్తాం. స్పోర్ట్స్ కార్ల క్రాంకులు చాలావాటికి నైట్రైడింగ్ చేసిన గట్టి పైపొర ఉంటుంది. గ్రైండ్ చేస్తే ఆ పొర పోతుంది, మళ్లీ ఆ ప్రక్రియ చేయించాలి. ఇది మీకు తెలిసిందే అయినా, తండ్రి నోట వింటే ఆ విలువే వేరు.

రెండో సలహా అతనికి. బాబూ, ఈసెట్ రాయి. గ్యారేజీ మీద చిన్నచూపుతో అనడం లేదు. ఎంత నూనె పొర నిలుస్తుంది, ఏ లోహం ఎప్పుడు అలసిపోతుంది అన్నది లెక్క కట్టే శాస్త్రం వేరే ఉంది. దాని పేరు ట్రైబాలజీ. రాపిడి, అరుగుదల, కందెనల శాస్త్రం. 1966లో బ్రిటన్‌లో వచ్చిన ఒక నివేదికతో ఆ పేరు వాడుకలోకి వచ్చింది. ఢిల్లీ ఐఐటీలో దాని మీద ఏళ్ల తరబడి పని జరుగుతోంది. డిప్లొమాతో ఆ గది తలుపు తెరుచుకోదు. ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరతావు, పోయేది మూడేళ్లే. ఫార్ములా భారత్ జట్టు ఉన్న కాలేజీ దొరికితే దానికే మొదటి ఆప్షన్ ఇవ్వు. విద్యార్థులే చిన్న రేసు కారు కట్టి, ఎందుకు అలా కట్టారో నిపుణుల ముందు నిలబడి సమర్థించుకోవాల్సిన పోటీ అది.

రేసింగ్‌లోనే జీవితమంతా గడుస్తుందని మాత్రం నేను మాట ఇవ్వలేను. మన దేశంలో ఆ పని ఎక్కువగా కోయంబత్తూరు, చెన్నై చుట్టూనే ఉంది. ఉద్యోగాలు కొద్ది, సీజన్ పని ఎక్కువ. చాలా తరగతుల పోటీల్లో ఇంజన్‌కు సీలు వేస్తారు, బేరింగ్ మార్చడమే నిబంధనలకు విరుద్ధం కావచ్చు. ఇంగ్లండులో క్రాన్‌ఫీల్డ్, ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్ విశ్వవిద్యాలయాల్లో మోటార్‌స్పోర్ట్ ఇంజనీరింగ్‌లో పీజీ ఉంది. నార్తాంప్టన్ చుట్టుపక్కల పేరున్న రేసు ఇంజన్ కంపెనీలూ ఉన్నాయి. అయినా బీటెక్ కాగానే షాపు తాకట్టు పెట్టి పంపకండి. రెండేళ్లు ఇక్కడ ఉద్యోగం చేశాక ఆలోచించవచ్చు.

ఎలక్ట్రిక్ కార్ల గురించి మీ భయం నిజమైనదే. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు పరుగెత్తినప్పుడు వాటిలో ఒక్క కన్‌రాడ్ కూడా లేదు. కానీ మోటారులో బేరింగులున్నాయి, గేర్లున్నాయి, వాటికి కందెన కావాలి, అవీ అరుగుతాయి. షెల్స్ మార్చడం మాత్రమే తెలిసినవాడికి అక్కడ పని దొరకదు. అరుగుదలను కొలిచి కారణం చెప్పగలిగినవాడికి దొరుకుతుంది.

ఈసెట్ ఫలితాలు వచ్చాక అతన్ని ఒకసారి నా దగ్గరికి తీసుకురండి. వచ్చేటప్పుడు ఆ కొలతల పుస్తకం, మీ షాపులో అతనికి బాగా వింతగా తోచిన నాలుగు పాత షెల్స్ చేతిలో ఉండాలి. ఆప్షన్ల జాబితా అప్పుడు ముగ్గురం కూర్చుని రాద్దాం.