సముద్రం చూడటానికి చిట్టీ పాడుకోవాలా?

ప్రశ్న: మేము హైదరాబాద్‌లో ఉంటాం. నేను ప్రైవేటు పాఠశాలలో టీచర్‌ని, మావారు ఒక కంపెనీలో ఉద్యోగి. ఇద్దరి జీతాలు కలిపి చేతికి 92,000 వస్తుంది. ఇంటి రుణం ఈఎంఐ, చిట్టీ, ఇంటి ఖర్చులు పోగా నెలకు 16,000 దాకా మిగులుతుంది. జూన్‌లో పిల్లలిద్దరి ఫీజు 90,000 కట్టాలి. అందులో 50,000 ఇప్పటికే పక్కన పెట్టాం. అత్తయ్యకు 68 ఏళ్లు. మోకాళ్లు సహకరిస్తున్నప్పుడే నాలుగు రోజులు సముద్రం ఒడ్డున ఉండి రావాలని ఆమె కోరిక. ఏప్రిల్ చివర్లో బాపట్ల దగ్గర సూర్యలంకలో కాటేజీ తీసుకుని నాలుగు రాత్రులు ఉంటే 62,000 అవుతుందని తేలింది. మా 2 లక్షల చిట్టీ పాడుకుందామని మావారు అంటున్నారు. పాట 38,000 దాకా వెళ్తోంది, ఇంకా 12 నెలలు ఉంది. ఇంతలో పోయిన వారం ఒక మాల్‌లో హాలిడే క్లబ్ వాళ్లు కలిశారు. 3,60,000 కడితే 25 ఏళ్లపాటు ఏటా ఏడు రాత్రులు ఇస్తామన్నారు. ఏటా నిర్వహణ రుసుము 16,000. ఆ రోజే చేరితే తగ్గింపు అంటే 10,000 అడ్వాన్సు ఇచ్చి సంతకం చేశాం. ఇప్పుడేం చేయమంటారు?

జవాబు: ముందు ఆ 10,000 సంగతి చూడండి. మిగతావి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు, ఇది మాత్రం ఆగదు. ఇలాంటి ఒప్పందాల్లో సాధారణంగా రద్దు చేసుకోవడానికి కొన్ని రోజుల గడువు ఇస్తారు. మీరు సంతకం చేసిన కాగితంలో ఆ గడువు ఎన్ని రోజులో ఈరోజే వెతకండి. రద్దు చేసుకుంటున్నామని, అడ్వాన్సు తిరిగి ఇవ్వాలని ఈమెయిల్‌లో రాయండి. ఫోనులో చెబితే సాక్ష్యం మిగలదు. వాళ్లు నాన్చితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి.

ఎందుకు రద్దు చేసుకోమంటున్నానో లెక్క చూడండి. 3,60,000ను బ్యాంకులో 6.5 శాతం వడ్డీకి వేస్తే పన్నుకు ముందు ఏడాదికి 23,400 వస్తుంది. క్లబ్‌లో కడితే ఆ వడ్డీ పోతుంది, పైగా 16,000 రుసుము చేతి నుంచి పడుతుంది. అంటే ఏడు రాత్రులకు మీకు పడే ఖరీదు ఏటా 39,400. రుసుము ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతుంది. మీరు వెళ్లని ఏడాది కూడా అడుగుతారు. రైలు, భోజనం ఖర్చులు వేరు. పిల్లల సెలవుల వారాలకేమో ఖరీదైన సీజన్ సభ్యత్వం ఉన్నవాళ్లకే ముందు అవకాశం. 25 ఏళ్లు నిండాక చేతికి వచ్చేది సున్నా. అదే డబ్బు బ్యాంకులో ఉంటే వడ్డీతోనే ఏటా కాటేజీ అద్దె కట్టుకోవచ్చు, అసలు అలాగే ఉంటుంది. మీ దగ్గర ఆ 3,60,000 లేవు కాబట్టి దాన్నీ వాయిదాల్లో కట్టమంటారు. అప్పు చేసి ముందే కొనుక్కునే సెలవు అది.

ఇక చిట్టీ. 38,000కు పాడుకుంటే చేతికి 1,62,000 వస్తుంది. ప్రయాణానికి 62,000 పోతే మిగిలేది లక్ష. దాన్ని ఏడాదిపాటు బ్యాంకులో వేసినా వచ్చేది 6,500. మిగిలిన 12 వాయిదాలూ కట్టక తప్పదు, జామీనుదారులనూ వెతుక్కోవాలి. 62,000 అవసరానికి 38,000 వదులుకోవడం ఏ లెక్కలోనూ నిలవదు. చివరి నెలలు దగ్గరపడేకొద్దీ పాట దిగుతుంది. పాడుకున్నవాళ్లు వదులుకున్న డబ్బులో మీ వాటా డివిడెండ్‌గా మీకు వస్తూనే ఉంటుంది. ఆగగలిగినవాళ్లకే చిట్టీ లాభం. మీరు ఆగగలిగిన స్థితిలోనే ఉన్నారు. వ్యక్తిగత రుణం గురించి మీరు అడగలేదు. దాని దగ్గరికి కూడా వెళ్లకండి.

అయితే ప్రయాణం మానుకోమని నేను చెప్పను. మీ అత్తగారి కోరికను 'వచ్చే ఏడు చూద్దాం' అని వాయిదా వేయకండి. 68 ఏళ్ల మోకాళ్లకు వచ్చే ఏడు ఎలా ఉంటుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. ఈ ఏప్రిల్‌లోనే వెళ్లండి. ప్రశ్నల్లా ఎన్ని రాత్రులు అన్నదే.

జనవరి నుంచి మే వరకు ఐదు నెలల మిగులు 80,000. ఫీజుకు ఇంకా కావలసింది 40,000. కాబట్టి ఎటు తిప్పినా మీ ప్రయాణానికి 40,000 దాటకూడదు. నాలుగు రాత్రుల ప్రణాళిక అక్కడే ఆగిపోతుంది, రెండు రాత్రులైతే సరిపోతుంది. ఐదుగురికి రైల్లో థర్డ్ ఏసీ రానుపోను 7,000 అనుకుందాం. రోజుకు 3,500 చొప్పున రెండు గదులు రెండు రాత్రులకు 14,000. రోజుకు 7,500 దాటని గదులపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతమే కనుక దానికి 700. భోజనాలకు 7,000, బాపట్ల స్టేషన్ నుంచి సూర్యలంకకు, తిరుగు ప్రయాణానికి ఆటోలు వగైరా 1,500, చేతిలో ఉంచుకోవడానికి 2,000. మొత్తం 32,200. జనవరి, ఫిబ్రవరి, మార్చి మిగులు 48,000లో దీన్ని తీసి, తక్కిన 15,800 ఫీజు ఖాతాలో వేయండి. ఏప్రిల్, మే జీతాల నుంచి 24,200 కలిపితే ఫీజు పూర్తవుతుంది. అప్పటికీ 7,800 మిగులుతుంది.

శని, ఆదివారాలు వద్దు. సోమవారం వెళ్లి బుధవారం తిరిగి వచ్చేలా చూసుకోండి. హైదరాబాద్, గుంటూరు, విజయవాడల నుంచి వారాంతంలో జనం పోటెత్తుతారు, గది అద్దెలూ పెరుగుతాయి. బడులకు వేసవి సెలవులు మొదలయ్యాక వారం మధ్యలో వెళ్లడానికి మీకు అడ్డేమీ లేదు. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు కాబట్టి ఫిబ్రవరి చివరికి టికెట్ల డబ్బు సిద్ధంగా ఉంచండి. వృద్ధులకు గతంలో ఉన్న రైలు రాయితీ 2020లో ఆపేశారు, దాన్ని లెక్కలో వేసుకోవద్దు. మీ అత్తగారి కోసం కింది అంతస్తు గది కావాలని బుకింగ్ అప్పుడే అడగండి. అక్కడికి వెళ్లాక మెట్లు చూసి బాధపడే పని ఉండదు.

గది బుక్ చేసేటప్పుడు ఒక జాగ్రత్త. రిసార్టుల పేర్లతో నకిలీ వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి. అచ్చం అసలువే అనిపించే ఫొటోలు పెట్టి, క్యూఆర్ కోడ్ పంపి, మొత్తం డబ్బు ముందే వేయమంటారు. పర్యాటక శాఖ అధికారిక వెబ్‌సైట్ ద్వారా గానీ, మీకు తెలిసినవాళ్లు బస చేసి వచ్చిన చోటికి నేరుగా ఫోను చేసి గానీ తీసుకోండి. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

మీవారి జీతం చీటీలో ఎల్‌టీఏ (సెలవు ప్రయాణ భత్యం) ఉందేమో కూడా చూడండి. పాత పన్ను విధానంలో ఉంటేనే మినహాయింపు, అదీ ప్రయాణ ఛార్జీలకే. గది అద్దె, భోజనం అందులోకి రావు. మీ అత్తగారు మీవారిపై ఆధారపడి ఉంటే ఆమె టికెట్ కూడా లెక్కకు వస్తుంది. 2026–2029 నాలుగేళ్ల బ్లాకులో రెండుసార్లు వాడుకోవచ్చు. 7,000 టికెట్లపై మిగిలే పన్ను చాలా తక్కువ. కాబట్టి దూర ప్రయాణం పెట్టుకునేదాకా దాన్ని దాచుకోవడమే మేలు.

మీ ఉత్తరంలో నాకు కలవరం కలిగించింది వేరే ఉంది. అత్యవసర నిధి గురించి గానీ, అత్తగారి ఆరోగ్య బీమా గురించి గానీ ఒక్క మాట లేదు. బీమా లేకపోతే ఇప్పుడే విచారించండి. 65 దాటితే కొత్త పాలసీ ఇవ్వరన్న అడ్డు 2024 ఏప్రిల్‌లో తొలగింది, ప్రీమియం మాత్రం ఎక్కువే ఉంటుంది. మోకాళ్ల నొప్పి సంగతి దరఖాస్తులో దాచకుండా రాయండి. చిట్టీ డబ్బు చేతికొచ్చిన రోజున ఆరు నెలల ఈఎంఐకి సరిపడా తీసి విడిగా డిపాజిట్ చేయండి. వచ్చే వసంతానికి నాలుగు రాత్రులు కావాలంటే, ఫీజు కట్టేశాక జులై నుంచి నెలకు 6,000 చొప్పున రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి. మార్చి నాటికి తొమ్మిది వాయిదాలు, 54,000 అవుతుంది. దానికి వడ్డీ, ఈ మేలో మిగిలే 7,800 కలిపితే మీరనుకున్న 62,000 సమకూరుతుంది.