ప్రాథమిక హక్కు పోయిందంటే నేరుగా హైకోర్టుకేనా?

తిరుపతి రైల్వే వర్క్‌షాపులో పనిచేసే మా పిన్ని కొడుక్కి సీనియారిటీ ఎగ్గొట్టి జూనియర్‌కి ప్రమోషన్ ఇచ్చారు, సమానత్వ హక్కు కింద హైకోర్టులో రిట్ (హక్కు కాపాడమని వేసే పిటిషన్) వేయొచ్చా అని ఒకరు అడిగారు.

ముందు అక్కడికి కాదండీ. కేంద్ర ఉద్యోగి కాబట్టి 1985 పరిపాలనా ట్రైబ్యునళ్ల చట్టం ప్రకారం, కేంద్ర ఉద్యోగుల సర్వీసు వివాదాలు వినే కేంద్ర పరిపాలనా ట్రైబ్యునల్‌కే వెళ్లాలి, మనకు హైదరాబాద్ బెంచ్. చెన్నై దగ్గర కదా అని అక్కడ వేస్తే కుదరదు. ఉద్యోగం ఎక్కడో, వివాదం ఎక్కడ పుట్టిందో చూస్తారు. సమానత్వం, ప్రభుత్వ ఉద్యోగాల్లో సమాన అవకాశం గురించి చెప్పే రాజ్యాంగం 14, 16 అధికరణలు అక్కడే వాదించుకోవచ్చు. 1997లో ఎల్. చంద్రకుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే: ట్రైబ్యునల్ రాజ్యాంగ ప్రశ్నలూ వినొచ్చు, తనను పుట్టించిన చట్టం చెల్లుతుందా అన్నది తప్ప. తీర్పు నచ్చకపోతే హైకోర్టు ద్విసభ్య ధర్మాసనం ఉండనే ఉంది, ఆ తలుపు ఏ చట్టమూ మూయలేదు.

అసలు చిక్కు గడువుతో. ముందు శాఖలో అప్పీలు పెట్టి, రసీదు దాచుకోమనండి. తుది ఉత్తర్వు వచ్చిన ఏడాదిలోపు వేయాలి. ఆరు నెలలైనా జవాబు రాకపోతే, ఆపై ఏడాది. ఊరికే వినతిపత్రాలు పంపుతూ కూర్చుంటే గడువు ఆగదు, చాలామంది మునిగేది ఇక్కడే.

అదే రాష్ట్ర ఉద్యోగి అయితే దారి వేరు. మన రాష్ట్ర ట్రైబ్యునల్ రద్దయింది, నేరుగా అమరావతి హైకోర్టే.