జ్వరంతో పోయిన సైనికుడిది ‘వీరమరణం’ అవుతుందా?

సందేహం: మా తాతగారి అన్నగారు రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో మద్రాస్ సాపర్స్ అనే సైనిక ఇంజనీర్ల దళంలో చేరి బర్మా వెళ్లారు. 1944లో అక్కడి మిలిటరీ ఆసుపత్రిలో మలేరియాతో పోయారు. వంశచరిత్రలో ‘యుద్ధంలో వీరమరణం పొందారు’ అని రాశాను. ‘జ్వరంతో పోయినవాడిది వీరమరణమేమిటి? అసలు ఆయన యుద్ధమృతుల లెక్కలోకే రాడు’ అని మా బంధువు ఒకాయన అభ్యంతరం చెప్పారు. ఏది ఒప్పు?

సమాధానం: మీ బంధువు మాటల్లో మొదటిది ఒప్పు, రెండోది తప్పు.

‘వీరమరణం’ అంటే ‘వీరుని మరణం’ అని విగ్రహవాక్యం చెప్పుకుంటే అది షష్ఠీ తత్పురుషం. ఆ లెక్కన వీరుడు ఏ కారణంతో పోయినా వీరమరణమేనని వాదించవచ్చు. వ్యాకరణం అడ్డు చెప్పదు గానీ వాడుక చెబుతుంది. ఆ మాట వినగానే మనకు తోచేది ఆయుధం, ఎదురుగా శత్రువు, వెనుదిరగని మనిషి. పోరులో పోయిన వీరుల జ్ఞాపకార్థం నిలిపిన పాత రాళ్లు, వీరగల్లులు చూడండి. కింది అరలో కత్తి దూసి పోరాడుతున్న మనిషి, పై అరలో అతన్ని స్వర్గానికి తీసుకుపోతున్న అప్సరసలు. ‘వీరస్వర్గం’ అనే మాట వెనక ఉన్నదీ ఈ నమ్మకమే. ఆ రాతి మీద రోగి మంచానికి చోటు లేదు.

పోరులో చావుకు తెలుగులో విడిగా క్రియలే ఉన్నాయి. భీష్ముడు పదో నాడు పడ్డాడు, ద్రోణుడు పదిహేనో నాడు పడ్డాడు అంటాం. ‘రణంలో’ అని ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. అదే క్రియకు ముందు ‘మంచాన’ చేరిస్తే అర్థం పూర్తిగా మారిపోతుంది. కూలాడు, నేలకొరిగాడు అన్నవీ రణరంగపు మాటలే. ‘అసువులు బాశాడు’ మాత్రం ఎక్కడైనా ఒదుగుతుంది, కాకపోతే వంశచరిత్రలో కాస్త నాటకీయంగా ఉంటుంది. పత్రికలు ధారాళంగా వాడే ‘అమరుడు’ గౌరవవాచకం. మన సైన్యంలో అలాంటి అధికారిక హోదా ఏదీ లేదని కేంద్రప్రభుత్వం పార్లమెంటులోనే చెప్పింది. కాబట్టి దాన్ని రుజువుగానూ తీసుకోలేం, తప్పుగానూ పట్టలేం.

‘యుద్ధమృతుడు’ సంగతి వేరు. మనిషి ఎలా పోయాడన్నది ఈ మాట చెప్పదు, ఏ లెక్కలోకి వస్తాడో చెబుతుంది. ఆ లెక్క కట్టే పని మీ పెద్దతాతగారి విషయంలో, నాటి బ్రిటిష్ సామ్రాజ్య సైన్యాల్లో పోయినవారి సమాధులు, జాబితాలు చూసే కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘానిది (CWGC). 1917లో ఇంపీరియల్ పేరుతో పుట్టి 1960లో కామన్వెల్త్ అయిన ఈ సంఘానికి తేదీలే ముఖ్యం. మొదటి యుద్ధానికి 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, రెండో యుద్ధానికి 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు. ఈ గడువులో సైనికుడు కొలువులో ఉండగా చనిపోతే చాలు, కారణం అడగరు. తూటా, న్యుమోనియా, లారీ ప్రమాదం అన్నీ సమానమే. కాల్పులు ఆగిపోయాక 1946లో నిచ్చెన మీంచి జారిపడి పోయిన సైనికుడూ యుద్ధమృతుడే. యుద్ధంలో తగిలిన గాయంతోనే 1948 జనవరి 1న కన్నుమూసినవాడు మాత్రం కాడు. ఇది న్యాయమా అంటే, ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు కదా.

కెనడా సైనిక వైద్యుడు జాన్ మెక్‌క్రే 1918 జనవరి 28న న్యుమోనియాతో పోయాడు. ఆయన సమాధి ఫ్రాన్సులోని విమరూలో ఈ సంఘం సంరక్షణలోనే ఉంది. ఇక బర్మా రంగంలో 1943 నాటి స్థితిని అక్కడ పోరాడిన బ్రిటిష్ ‘పద్నాలుగో సైన్యం’ అధిపతి స్లిమ్ స్వయంగా రాశాడు: గాయపడి వెనక్కి తరలించిన ఒక్కొక్కరికి, జబ్బుపడి తరలించినవాళ్లు నూట ఇరవై మంది. అక్కడ జబ్బు చావులను లెక్కలోంచి తీసేయడం ఎవరికి సాధ్యం?

కాబట్టి మీరు వెతకాల్సింది మలేరియా గొప్పతనం నిరూపించే ఆధారాలు కావు. ఆయన పోయిన తేదీ, ఆనాటికి కొలువులో ఉన్నారన్న రుజువు, సర్వీసు నంబరు. సంఘం జాబితాను వారి వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. పేరు మీరు పలికినట్టే ఉంటుందనుకోకండి. గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాశాడు, వెంకటస్వామి ‘వెంగటసామి’ అయి ఉండవచ్చు. చాలామంది భారతీయ సైనికుల వివరాల్లో తండ్రి పేరు, ఊరు, జిల్లా, ఒక్కోసారి భార్య పేరు కూడా ఉంటాయి. అవి కలిస్తే అనుమానం తీరుతుంది. సమాధి లేదని నిరుత్సాహపడవద్దు. రంగూన్ దగ్గరి తౌక్యాన్‌లో, సమాధి తెలియని దాదాపు 27 వేల మంది పేర్లు చెక్కిన రంగూన్ స్మారకం ఉంది. మతాచారం ప్రకారం దహనం చేసిన వెయ్యికి పైగా సైనికులకు అదే ఆవరణలో వేరే స్మారకం ఉంది.

వంశచరిత్రలో వాక్యం ఇలా ఉంటే సరిపోతుంది: ‘1944లో బర్మా రంగంలో సైనిక కొలువులో ఉండగా మలేరియాతో మరణించారు.’ జాబితాలో పేరు దొరికాక ‘కామన్వెల్త్ యుద్ధమృతుల్లో ఒకరు’ అని చేర్చండి. ఒట్టి ‘యుద్ధకాలంలో మరణించారు’ అనవద్దు. ఆ రోజుల్లో ఊళ్లో ముసలితనంతో పోయినవాళ్లకూ ఆ మాట వర్తిస్తుంది. ‘యుద్ధంలో మరణించారు’ అన్నది తప్పు కాదు గానీ, చదివినవాళ్లు తూటానే ఊహించుకుంటారు.

ఇదంతా ఆయన ఆసుపత్రిలో పోయేనాటికి ఇంకా పటాలం మనిషేనన్న లెక్కతో చెప్పాను. ఒకవేళ అన్‌ఫిట్ చేసి ఇంటికి పంపాక పోయి ఉంటే, పోయిన తేదీ గడువులోపల ఉన్నా అదొక్కటే చాలదు. ఆ జబ్బు సైనిక కొలువు వల్ల వచ్చిందని గానీ, దానివల్ల ముదిరిందని గానీ కాగితం చూపాలి. డిశ్చార్జి పత్రంలో రాసిన కారణం, పింఛను కాగితాలు, మరణ ధ్రువీకరణ పత్రం పనికొస్తాయి. అప్పుడు మీ వాక్యంలో ‘కొలువులో ఉండగా’ తీసేసి ‘సైనిక కొలువులో సోకిన మలేరియాతో’ అని రాయాలి.