31 వారాలకు పొట్ట కొలత 29 వస్తే

31వ వారంలో టేపు 29 సెంటీమీటర్లే చూపించింది, బిడ్డ ఎదగట్లేదా అని అడిగారు కదండీ. ఎన్ని వారాలో దాదాపు అన్ని సెంటీమీటర్లు ఉండాలన్నది లెక్క, కానీ రెండు సెంటీమీటర్ల తేడా ఒక్కటే అయితే టెన్షన్ అక్కర్లేదు. మీరున్న బ్రిటన్‌లో మిడ్‌వైఫ్‌లు (గర్భిణులను చూసే ప్రసూతి నర్సులు) 24వ వారం నుంచి ఇలాగే కొలుస్తారు. మూత్రానికి వెళ్లొచ్చాక వెనక్కి వాలి పడుకోమని, గర్భసంచి పై అంచును చేత్తో తడిమి, అక్కణ్ణుంచి పొత్తికడుపు కింద గట్టిగా తగిలే ఎముక దాకా టేపు పెడతారు. అదీ అంకెలు కిందివైపుకి తిప్పి! అంకె ముందే కనిపిస్తే తెలియకుండానే చెయ్యి వారాల లెక్కకు జరుగుతుందని. మన ఊళ్లో నర్సమ్మలు బొడ్డు దగ్గర్నుంచి వేళ్లతో అంచనా వేసేదీ ఈ అంచునే.

బిడ్డ అడ్డంగా తిరిగినా, కొలిచే మనిషి మారినా అంకె మారుతుంది. మీకు ఈసారి వేరే మిడ్‌వైఫ్ అన్నారు కూడా. కానీ 28వ వారంలో 28 ఉండి, మూడు వారాల్లో ఒక్క సెంటీమీటరే పెరిగిందంటే నేనైతే ఊరుకోను. ఫోన్ చేసి, ఈ కొలతలు గుర్తుపెట్టే చార్టులో గీత ఎలా వెళ్తోంది, గ్రోత్ స్కాన్ (బిడ్డ ఎదుగుదల చూసే అల్ట్రాసౌండ్) కావాలా అని అడగండి. కదలికలు తగ్గాయనిపిస్తే మాత్రం అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, అర్ధరాత్రయినా మెటర్నిటీ యూనిట్‌కి (ఆసుపత్రి ప్రసూతి విభాగానికి) ఫోన్ చేయండి.