ఆ సినిమా పేరు 'గప్పా' అయి ఉండాలి

పిల్ల రాక్షసిని ద్వీపం నుంచి ఎత్తుకొస్తే, దాని తల్లిదండ్రులు జపాన్ మీద పడి వెతుక్కునే పాత సినిమా ఏదని అడిగారు కదండీ. అది 1967లో నిక్కత్సు సంస్థ తీసిన 'గప్పా'. గాడ్జిల్లా తీసింది తోహో అనే వేరే సంస్థ కాబట్టి, ఆ సిరీస్‌లో ఎంత వెతికినా ఇది దొరకదు.

ఒక్క విషయం గుర్తు తెచ్చుకోండి. వెతుక్కుంటూ వచ్చింది తల్లి ఒక్కతే, ఊరు లండన్ అయితే అది 1961 నాటి బ్రిటిష్ సినిమా 'గోర్గో'. ఇద్దరూ వచ్చి, చివర్లో విమానాశ్రయంలో బిడ్డను కలుసుకుంటే మాత్రం గప్పానే. ఆ కలయిక చూస్తే నాకు ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి.

అమెరికా టీవీలో దీని పేరే మార్చేశారు, 'మాన్‌స్టర్ ఫ్రమ్ ఎ ప్రీహిస్టారిక్ ప్లానెట్' అని. ఆ పేరుతోనూ వెతకండి. జపనీస్ వికీపీడియా పేజీలోని అసలు పేరును ఆ లిపిలోనే కాపీ చేసి వెతికితే ఇంకా మంచిది.

జపాన్ డిస్క్ కొనేముందు సబ్‌టైటిల్స్ ఉన్నాయో లేదో తప్పకుండా అడగండి. డిస్క్ ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే గుర్తును రీజియన్ అంటారు. డీవీడీకి వాళ్లది రీజియన్ 2, మనది 5. బ్లూరేకి వాళ్లది ఏ, మనది సీ. అన్ని రీజియన్లూ ఆడించే ప్లేయర్ లేకపోతే డబ్బు వృథా అవుతుంది.