మాటను దాని పొరుగుతో కలిపి వెతుకు

చిరంజీవి మైథిలికి పెద్దమ్మ ఆశీస్సులు.

వ్రొత్స్వాఫ్ నుంచి నువ్వు రాసిన ఉత్తరం అందింది. ఉద్యోగం వెతుక్కుంటున్నానని చెప్పడానికి నువ్వు ద్వితీయా విభక్తితో ‘షుకమ్ ప్రాత్సె’ అని రాస్తే, మీ టీచరు దాన్ని కొట్టివేసి షష్ఠీ విభక్తితో ‘షుకమ్ ప్రాత్సి’ అని దిద్దారన్నావు. జాతీయ పోలిష్ కార్పస్‌లో, అంటే ఆ భాషలో రాసినవీ మాట్లాడినవీ వెతుక్కునేలా పోగుచేసిన భండారంలో, నీ రూపం కూడా అక్కడక్కడ కనిపించింది కాబట్టి టీచరే పొరబడ్డారేమో అని అడిగావు. ఆవిడ పొరబడలేదు తల్లీ. అయినా నువ్వు నియమాన్ని గుడ్డిగా ఒప్పుకోకుండా కార్పస్ తెరిచి చూసినందుకు నాకు ఎంతో సంతోషం కలిగింది. నువ్వు మార్చుకోవలసింది వెతికే పద్ధతి ఒక్కటే.

నేను వార్సాలో చదువుకునే రోజుల్లో మా చేతికి అందిన పెద్ద ఆధారం ఏ మాట ఎన్నిసార్లు వస్తుందో లెక్క చెప్పే, 1990లో వెలువడిన పదాల పౌనఃపున్య నిఘంటువు. 1960ల నాటి రచనల నుంచి ఏరిన 5 లక్షల మాటల మీద దాన్ని నిర్మించారు. ఇప్పుడు నీ ముందున్న కార్పస్‌లో 150 కోట్లకు పైగా మాటలున్నాయి. పోలిష్ సైన్స్ అకాడమీకి చెందిన రెండు సంస్థలు, వుచ్ విశ్వవిద్యాలయం, పీడబ్ల్యూఎన్ ప్రచురణ సంస్థ కలిసి 2010 నాటికి దాన్ని సిద్ధం చేశాయి. మొత్తం కార్పస్‌లో పత్రికల భాషదే రాజ్యం. అందుకని ముందుగా సమతూకం చూసి ఏర్చిన 30 కోట్ల ముక్కల భాగాన్ని ఎంచుకో. అందులో నవలలు, మామూలు సంభాషణలు, ఇంటర్నెట్ రాతలు కూడా తగిన పాళ్లలో ఉంటాయి.

‘ముక్కలు’ అన్నాను గమనించావా? మాటలు అనలేదు. ఈ కార్పస్‌ను వెతికే పోలికార్ప్ అనే శోధన యంత్రంలో కొత్తవాళ్లు మొదట తడబడేది ఇక్కడే. ‘చదివాను’ అని నువ్వు చెప్పాలంటే ‘చితావమ్’ అంటావు, మగవాడైతే ‘చితావెమ్’ అంటాడు. కార్పస్ దృష్టిలో ఇవి ఒక్కొక్క మాట కావు. ‘చితావా’ ఒక ముక్క, ‘మ్’ మరో ముక్క. అలాగే ‘చితావ్’ ఒకటి, ‘ఎమ్’ ఒకటి. పూర్తి మాటను ఒకే ముక్కగా అడిగితే దొరకక, ఇంత మామూలు మాట లేదేమిటని నువ్వు కంగారు పడతావు. ఇలా విడగొట్టడానికి మంచి కారణమే ఉంది. ఆ ప్రత్యయం క్రియను వదిలి వేరే మాటకు అతుక్కోగలదు. జరిగిపోయిన కాలం గురించి ‘ఎక్కడున్నావు’ అనే ప్రశ్నను ‘గ్జె బివెష్’ అనీ అడగవచ్చు, ‘గ్జెష్ బివ్’ అనీ అడగవచ్చు. రెండోదానిలో ‘నువ్వు’ను తెలిపే ‘ష్’ క్రియను విడిచి ‘ఎక్కడ’ అనే మాటకు అంటుకుంది. మన తెలుగులో ‘ఉన్నావు’లోని ‘వు’ ఎప్పుడైనా అలా ‘ఎక్కడ’కు వెళ్లి అతుక్కుంటుందా? నాకు పోలిష్ మీద ప్రేమ పుట్టించిన వాటిలో ఇదొకటి.

ఇక నీ సందేహానికి వస్తాను. ‘షుకమ్’ అనే ఒక్క రూపాన్ని కాకుండా మూలరూపాన్ని అడుగు. చదరపు బ్రాకెట్లలో ‘బేస్’ అని రాసి, సమానం గుర్తు పెట్టి, ‘షుకాచ్’ అని రాస్తే ఆ క్రియ రూపాలన్నీ వస్తాయి. ‘వెతకడం’, ‘వెతికే’ వంటి కృదంత రూపాలను కూడా ఈ కార్పస్ అదే మూలం కింద చేర్చింది, వాటిని చూసి ఆశ్చర్యపోకు. ఆ వెనుకనే మరో జత బ్రాకెట్లు పెట్టి, అందులో నామవాచకం కావాలనీ, అది షష్ఠీ విభక్తిలో ఉండాలనీ అడుగు. రెండింటి నడుమ విశేషణం ఉన్నా లేకపోయినా ఫరవాలేదని చెప్పడానికి విశేషణపు బ్రాకెట్ల పక్కన ప్రశ్నార్థకం పెట్టు. ‘కొత్త ఉద్యోగం వెతుకుతున్నాను’ వంటి వాక్యాలు అప్పుడు జారిపోవు. తర్వాత షష్ఠి స్థానంలో ద్వితీయ పెట్టి మళ్లీ వెతుకు.

రెండోసారి కూడా ఫలితాలు వస్తాయి. వాటిని లెక్కపెట్టకు, చదువు. యాభై వరుసలైనా చదవందే ఒక అభిప్రాయానికి రావద్దు. ‘తమ్ముణ్ని వెతుకుతున్నాడు’ వంటివి అక్కడ కనిపించవచ్చు. మనుషులను సూచించే పుంలింగ నామాల్లో చాలావాటికి ద్వితీయా షష్ఠీ ఒకే రూపంలో ఉంటాయి. ఆ విభక్తి గుర్తులు పెట్టింది యంత్రం, అది అలాంటిచోట తికమకపడగలదు. మనుషులు కూర్చుని చేత్తో గుర్తులు పెట్టినది 10 లక్షల మాటల చిన్న భాగానికే. కాబట్టి అలాంటి వరుసలను నీకు సాక్ష్యంగా తీసుకోకు. మిగిలినవాటిలో ప్రతి వాక్యం ఎక్కడిదో తెరిచి చూడు. నోటిమాటలోనో ఇంటర్నెట్ రాతలోనో దొర్లినదైతే, ఎవరో ఒకసారి అలా అన్నారని మాత్రమే దాని అర్థం. కార్పస్ ఎవరినీ దిద్దదు, అన్నది అన్నట్టుగా దాచిపెడుతుంది. షష్ఠితో వచ్చిన వరుసల పక్కన వీటిని పెట్టి చూస్తే మీ టీచరు ఎందుకు దిద్దారో నీకే తెలుస్తుంది.

అక్షరాల మీది గీతలను మాత్రం వదలవద్దు. ‘లాస్కా’ అంటే చేతికర్ర, ‘ఎల్’ మీద అడ్డగీత పడితే అది ‘వాస్కా’, అంటే కరుణ. మనకు కల వేరు, కళ వేరు అయినట్టే.

ఏ మాట పక్కన ఏది నప్పుతుందో చూడాలంటే వుచ్ వాళ్ల పెల్‌క్రా శోధనకు వెళ్లు. టీకి ‘మోత్స్నా’ అంటారు, గాలికి ‘షిల్నీ’ అంటారు. నిఘంటువు రెండింటికీ బలమైనదనే అర్థమిస్తుంది. పాలు చిక్కగా ఉంటాయనీ అడవి దట్టంగా ఉంటుందనీ మనకు ఎవరూ నేర్పలేదు. పోలండ్ పిల్లలకు విని విని వచ్చిన ఆ జ్ఞానాన్ని నువ్వు ఈ వరుసల్లో చదివి సంపాదించుకోవచ్చు.

ఇంకొక్క జాగ్రత్త. వాక్యం పక్కన సంవత్సరం చూడు. ‘ఉక్రెయిన్‌లో’ అనడానికి ఈ కార్పస్‌లో నీకు ఎక్కువగా ఎదురయ్యేది ‘నా ఉక్రాయిన్యె’. 2022లో రష్యా దండయాత్ర తర్వాత చాలామంది ‘వ్ ఉక్రాయిన్యె’ అనసాగారు. దేశాల పేర్ల ముందు మామూలుగా వచ్చే చిన్న మాట ‘నా’ కాదు, ఆ ‘వ్’. పోలిష్ భాషా మండలి కూడా అదే ఏడాది ఆ వాడుకను ప్రోత్సహించింది. నీ తరగతిలో ఉక్రెయిన్ విద్యార్థులుంటే ఈ చిన్న మాట వారి మనసుకు ఎంత దగ్గరిదో ఊహించుకో. 2010 నాటికి ఆగిన కార్పస్‌కు ఇదంతా తెలిసే వీలు లేదు. 2011 నుంచి 2020 వరకు ఉన్న భాషకు వేరే కార్పస్ ఉంది, ఆ తర్వాతి భాషకు ఈనాటి పత్రికలు చూడు.

ఈ వారం ‘వినడం’ అనే అర్థం గల ‘స్వుహాచ్’ను ఇలాగే వెతికి చూడు. సంగీతం ఏ విభక్తిలో వస్తుందో, నీకు నచ్చిన పది వాక్యాలు ఏవో, ఎక్కడివో రాసి పంపించు.

ప్రేమతో,
పెద్దమ్మ