వాషింగ్టన్‌లో పాత దస్తావేజులు చూడబోయే మేనకోడలికి

చి.ల.సౌ. కవితకు, నల్లగొండ నుంచి మీ మేనమామ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

సెలవుల్లో అత్తమామలను, పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని వాషింగ్టన్ వెళ్తున్నారనీ, అక్కడ నేషనల్ ఆర్కైవ్స్ మ్యూజియం చూస్తారనీ మీ అమ్మ చెప్పింది. రికార్డు రూములో దుమ్ము పీలుస్తూ నౌకరీ వెళ్లదీసిన నాకు, మన ఇంటి పిల్ల పనిగట్టుకుని పాత కాగితాలు చూడబోతోందంటే గర్వంగానే ఉంది. ఒక్క పూటలో నాలుగు చోట్లు చుట్టివచ్చే మీ అలవాటు గుర్తొస్తేనే దిగులు.

ప్రవేశం ఉచితం, రద్దీ రోజుల్లో సమయం ముందే బుక్ చేసుకో. గుమ్మం దగ్గర సంచులు తనిఖీ చేస్తారు. మీ మామగారి మోకాళ్లకు మెట్లు పడవు కాబట్టి లిఫ్టు ఎక్కడుందో అడుగు. పాస్‌పోర్టుల సంగతి మాత్రం గట్టిగా చెబుతున్నాను బిడ్డా, పెద్దవాళ్లవి నీ దగ్గరే పెట్టుకుని, నకళ్లు వేరే సంచిలో ఉంచు. నవ్వకు. కాగితం పోగొట్టుకున్న మనిషి ఆఫీసు గుమ్మంలో ఎలా నిలబడతాడో చూసినవాణ్ని.

పై అంతస్తులోని పెద్ద హాలులో 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన, 1787 నాటి రాజ్యాంగం, 1789 నాటి హక్కుల పత్రం ఉంటాయి. ఫొటోలు తీయనివ్వరు. వెలుతురు మసకగా ఉంటుంది. ఇంత దూరం వచ్చింది చీకట్లో చూడడానికా అని మీ అత్తమ్మ అడగక మానదు. అడిగితే ఈ సంగతి చెప్పు.

స్వాతంత్ర్య ప్రకటనను సిరాతో తోలు మీద రాశారు. 1841లో పేటెంట్ ఆఫీసు భవనంలో కిటికీకి ఎదురుగా దాన్ని వేలాడదీసి, 1876 దాకా అలాగే ఉంచారు. నలుగురూ చూడాలన్న మంచి మనసుతోనే పెట్టారు. వెలుతురు మాత్రం రోజుకింత చొప్పున సిరాను తినేసింది. 56 మంది సంతకాల్లో ఇప్పుడు చాలావాటిని ఆనవాలు పట్టడమే కష్టం.

మన ఇంట్లో జరిగిందీ ఇదే. కౌలుదారీ చట్టం కింద మీ తాతకు, కౌలుదారుకే భూమి హక్కు ఇచ్చే 38-ఇ సర్టిఫికెట్ వచ్చినప్పుడు, ఆ భూమి తనదేనని ఊరంతటికీ తెలియాలని, అద్దం కట్టించి ముందు వసారా గోడకు తగిలించాడు. పొద్దుటి ఎండ నేరుగా దాని మీదే పడేది. పెట్టెలో పెట్టు నాయనా అంటే, పెట్టెలో ఉంటే ఎవరు చూస్తారురా అనేవాడు. గట్టు తగాదా వచ్చి అద్దం దింపి చూస్తే, అచ్చు వేసిన అక్షరాలన్నీ నల్లగా అలాగే ఉన్నాయి. సిరాతో నింపిన పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం మాత్రం మాయమయ్యాయి. ఎవరికీ ఇవ్వని ఖాళీ ఫారంలా ఉంది. ఆయన దాన్ని వెలుగుకేసి ఎత్తి పట్టుకుని, వేలితో గీతల వెంట తడుముతూ చాలాసేపు కూర్చున్నాడు. నకలు తీసుకున్నాం, భూమి నిలబడింది. ఆ అద్దాన్ని మాత్రం పారేయనివ్వలేదు. అప్పుడు ఆయన మీద ఎంత కసురుకున్నానో మీ అమ్మకు తెలుసు.

అందుకే పిల్లలు ఆ వెలిసిన తోలును ఒక్క చూపు చూసి, ఇందులో ఏమీ లేదంటూ పరుగెత్తితే పోనివ్వకు. అక్కడే ఉన్న రాజ్యాంగం నాలుగు పుటలనూ దాని పక్కన పోల్చి చూపించు. అదీ తోలే, అంతకంటే పదకొండేళ్లే చిన్నది. ఎక్కువ కాలం ఎవరికంటా పడకుండా లోపలే ఉండబట్టి అక్షరాలు స్పష్టంగా నిలిచాయి. ఇప్పుడు ఈ దస్తావేజులన్నిటినీ ప్రాణవాయువు తగలకుండా ఆర్గాన్ నింపిన పెట్టెల్లో ఉంచుతున్నారు.

ఇంకొకటి. స్వాతంత్ర్య ప్రకటన కింది అంచు దగ్గర, ఎడమ పక్కన, ఎవరిదో చేతి ముద్ర ఉంది. ఎవరు, ఎప్పుడు వేశారో తెలియదు. ఎక్కడుందో నువ్వు చెప్పకు, పెద్దవాడిని వెతకనివ్వు. చిన్నది అద్దానికి అరచేయి ఆనించకుండా నువ్వు పట్టుకో. అది మీ తాత పోలికే, ఏది చూసినా ముట్టుకోవాలనే ఆత్రం.

ఆ పూటకు ఇంకో మ్యూజియం పెట్టుకోకు. మీ అత్తమామలకు నా నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో,
మీ మామయ్య